రెండో దారి

బ్యాంకు ఖాతాల వివరాలన్నీ ఒక స్టోరేజ్ పెట్టెలో ఉంటాయి. వాటి మీద లెక్కలు నడిపే సర్వర్ వేరే ర్యాకులో ఉంటుంది. రెండింటి మధ్య ఉన్న కేబుల్ ఊడిందంటే సర్వర్ నిక్షేపంలా ఉన్నా దాని చేతిలో డేటా లేదు. అందుకే రెండో కేబుల్ వేస్తారు. ఆలోచన ఇంతే, చిన్నపిల్లలకైనా తట్టేదే. దాన్ని సరిగ్గా పని చేయించడానికి మాత్రం ఇంజనీర్లు దాదాపు యాభై ఏళ్లుగా తంటాలు పడుతున్నారు.

ఎందుకంటే రెండో కేబుల్ తగిలించిన క్షణంలోనే రెండు ప్రశ్నలు పుడతాయి. ఈ రెండు దారుల చివర ఉన్నది ఒకే డిస్కా, రెండు వేర్వేరు డిస్కులా? రెండింట్లో ఒక దారి చచ్చిపోతే ఆ సంగతి ఎవరు, ఎప్పుడు, ఎలా తెలుసుకుంటారు? మల్టీపాత్ అని ఇవాళ మనం పిలిచే సాంకేతికత అంతా ఈ రెండు ప్రశ్నలకు ఒక్కో తరం చెప్పుకుంటూ వచ్చిన జవాబే. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో నైట్ షిఫ్టులో కూర్చున్న మన స్టోరేజ్ అడ్మిన్‌కి "డిస్క్ హ్యాంగ్ అయింది" అని టికెట్ వస్తే, తెల్లారేదాకా అతను వెతికేది కూడా ఈ రెండింట్లో ఒకదాని జవాబునే. ఈ చరిత్ర తెలిసినవాళ్లకు ఆ వెతుకులాట సగం తగ్గుతుందని నా గట్టి నమ్మకం.

కథ కాలిఫోర్నియాలోని కూపర్టినోలో మొదలుపెట్టాలి. 1974లో జిమ్మీ ట్రైబిగ్, మరికొందరు కలిసి టాండమ్ కంప్యూటర్స్ అనే కంపెనీ పెట్టారు. బ్యాంకులకు, ఎక్స్ఛేంజీలకు ఆగని యంత్రం కావాలి, దాన్ని మేం చేస్తాం అన్నది వాళ్ల పంతం. 1976లో మొదటి టాండమ్ యంత్రం సిటీబ్యాంక్‌కు వెళ్లింది. అందులో ప్రాసెసర్లను కలిపే బస్సులు రెండు. ప్రతి డిస్క్ కంట్రోలర్‌కు రెండు పోర్టులు, ఒక్కోటీ ఒక్కో ప్రాసెసర్‌కు. డిస్కులకూ రెండేసి పోర్టులు, ఒక్కోటీ ఒక్కో కంట్రోలర్‌కు. ఏ ఒక్క వస్తువు చెడినా డిస్కు దగ్గరికి ఇంకో దారి ఉండాలన్నది వాళ్ల నియమం. ఒక సమయంలో కంట్రోలర్ మీద అధికారం ఒక ప్రాసెసర్‌దే. ఆ ప్రాసెసర్ పోతే అధికారం రెండోదానికి మారుతుంది. తర్వాత ముప్ఫై ఏళ్లపాటు స్టోరేజ్ రంగం చేసినదంతా ఒక రకంగా ఈ బొమ్మకు నకళ్లే.

టాండమ్ దగ్గరే ఇంకో విలువైన పని జరిగింది. 1985లో అక్కడ పని చేస్తున్న జిమ్ గ్రే, కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయన్న ప్రశ్న మీద ఒక నివేదిక రాశాడు. ఖాతాదారుల దగ్గర ఆగిపోయిన టాండమ్ యంత్రాల లెక్క తీస్తే హార్డ్‌వేర్ వల్ల ఆగినవి 18 శాతమే. నిర్వహణ వల్ల, అంటే ఆపరేటర్ చేతి పనులు, కాన్ఫిగరేషన్, మెయింటెనెన్స్ వల్ల ఆగినవి 42 శాతం. అన్నీ రెండేసి పెట్టుకున్నాక తీగలూ డిస్కులూ చెడిపోవడం పెద్ద సమస్య కాకుండా పోయింది. ఆ రెండింటినీ అమర్చే తీరు, కాపాడుకునే తీరు పెద్ద సమస్యగా మిగిలింది. మల్టీపాత్ ఇబ్బందుల్లో పడ్డవాళ్లు ముందుగా చదవాల్సింది ఈ నివేదికేనని నేననుకుంటాను. ఇవాళ్టికీ చాలా చోట్ల విరిగేది తీగ కాదు, తీగ గురించి ఫైల్లో రాసిన ఒక లైను.

అదే దశాబ్దంలో పెద్ద కంపెనీలూ ఈ దారిలోకి వచ్చాయి. 1983లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వ్యాక్స్‌క్లస్టర్ అనే ఏర్పాటును తెచ్చింది. చాలా కంప్యూటర్లు ఒకే స్టోరేజ్‌ను పంచుకోవడం అక్కడ మామూలు సంగతైంది. మధ్యలో స్టార్ కప్లర్ అనే పెట్టె, దాని నుంచి ఒక్కో యంత్రానికి రెండేసి దారులు, ఒక్కోటీ సెకనుకు 70 మెగాబిట్లు. ఒకటి పోతే రెండోదాని మీద పని నడుస్తుంది. ఐబీఎమ్ మెయిన్‌ఫ్రేమ్‌లలో అయితే 1981లో ప్రకటించిన సిస్టమ్/370 ఎక్స్‌ఏ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. అంతకుముందు ఏ చానల్ మీద డిస్కుకు కబురు పంపాలో ఆపరేటింగ్ సిస్టమే తేల్చుకోవాలి. పని మొదలైన చానల్ మీదే ముగియాలి, ఆ చానల్ వేరే పనిలో ఉంటే డిస్కు ఖాళీగా తిరుగుతూ కూర్చోవాలి. ఎక్స్‌ఏలో దారి ఎంచుకునే బాధ్యత చానల్ సబ్‌సిస్టమ్‌కు వెళ్లింది. ఒక డిస్కుకు ఎనిమిది దారుల దాకా పెట్టుకోవచ్చు. ఒక దారిన వెళ్లిన ఆజ్ఞకు జవాబు, డిస్కు అందుకు తగినదైతే, ఖాళీగా ఉన్న ఇంకో దారిన రావచ్చు. రెండో దారి కేవలం ఆపద్ధర్మం కాదనీ, మంచి రోజుల్లో కూడా అది పని చేయాలనీ అక్కడ స్పష్టమైంది.

తర్వాత జరిగింది మాత్రం వెనకడుగు. 1979లో షుగార్ట్ అసోసియేట్స్‌లో పుట్టి, 1986లో అమెరికా ప్రమాణంగా స్థిరపడ్డ స్కజీ చవకది, సులువైనది. చిన్న సర్వర్లన్నీ దాన్నే వాడాయి. కానీ స్కజీ అంటే ఒకే బస్సు: ఒక రిబ్బన్ కేబుల్, దాని మీద ఎనిమిది పరికరాలు, మామూలు రకంలో పొడవు ఆరు మీటర్లు. పరికరం ఏ బస్సు మీద, ఏ నంబరు మీద ఉందన్నదే దాని గుర్తింపు. అంటే డిస్కు చిరునామాయే డిస్కు పేరు. ఆ ఒక్క ఊహ మీద ఆపరేటింగ్ సిస్టమ్‌ల డిస్క్ కోడ్ అంతా కట్టేశారు. ఒకే దారి ఉన్నంతకాలం దానితో ఏ ఇబ్బందీ లేదు.

1994లో ఫైబర్ చానల్ ప్రమాణం వచ్చింది. పాత స్కజీ ఆజ్ఞలనే కాంతి తీగల మీద, స్విచ్‌ల గుండా, కిలోమీటర్ల దూరం పంపొచ్చు. ఎన్నో సర్వర్లు ఒకే స్టోరేజ్ పెట్టెను పంచుకోవచ్చు. అందరూ సంబరపడ్డారు. రెండు కార్డులు, రెండు స్విచ్‌లు, స్టోరేజ్‌లో రెండు కంట్రోలర్లు పెట్టి అన్నీ కలిపారు. సర్వర్ ఆన్ చేసి చూస్తే స్టోరేజ్‌లో కేటాయించిన ఒక్క డిస్కు నాలుగు డిస్కులుగా కనిపించింది. లైనక్స్‌లో అయితే ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ, ఎస్‌డీఈ. చిరునామాయే పేరు అనుకునే సిస్టమ్‌కు నాలుగు చిరునామాలంటే నాలుగు డిస్కులే. ఎవరైనా తెలియక ఎస్‌డీబీని ఒక పేరుతో, ఎస్‌డీసీని ఇంకో పేరుతో మౌంట్ చేస్తే ఒకే ఫైల్ సిస్టమ్ మీద ఇద్దరు ఒకరికి తెలియకుండా ఒకరు రాసినట్టు. డేటా నాశనమే.

మొదటి ప్రశ్నకు జవాబు డిస్కు నోటినుంచే రావాలని ప్రమాణాలు రాసేవాళ్లు తేల్చారు. స్కజీలో ఇంక్వైరీ అనే ఆజ్ఞ ఉంది, "నువ్వెవరు?" అని అడగడం లాంటిది. దానికి జవాబుగా ఇచ్చే పేజీల్లో 83 నంబరు పేజీలో డిస్కు తన శాశ్వత గుర్తింపు చెప్పాలి. ఏ దారిన అడిగినా అదే జవాబు రావాలి. ఇవాళ మల్టీపాత్ ఆజ్ఞ ఇచ్చినప్పుడు 36తో మొదలయ్యే పొడవాటి అంకెల వరస కనిపిస్తుందే, అది అక్కడిదే. నాలుగు దారుల్లో ఒకే అంకె వచ్చిందంటే నాలుగూ ఒకే డిస్కుకు దారులు, వాటిని కట్టగట్టి పైవాళ్లకు ఒకే పరికరంగా చూపించు. మల్టీపాత్ డ్రైవర్ చేసే మొదటి పని ఇదే. ఎల్‌వీఎమ్ ఒకే వాల్యూమ్ రెండు సార్లు కనిపిస్తోందని గోల పెట్టిందంటే, డ్రైవర్ ఈ కట్ట కట్టేలోపే ఎల్‌వీఎమ్ విడి దారుల్ని పట్టేసుకుందని అర్థం. బూట్ సమయంలో ఎవరు ముందు లేచారన్నదే అక్కడ చూడాల్సింది.

ఇది తేలాక కూడా స్టోరేజ్ పెట్టెలు కొత్త చిక్కు తెచ్చాయి. మధ్యతరగతి ధర పెట్టెల్లో కంట్రోలర్లు రెండున్నా ఒక డిస్కు ఒక సమయంలో ఒక కంట్రోలర్‌ సొంతం. రెండో కంట్రోలర్ దగ్గరికి వెళ్లి అడిగితే కొన్ని పెట్టెలు ఒప్పుకోవు. కొన్నయితే అడిగిన వెంటనే యాజమాన్యాన్ని రెండోవైపుకు మార్చేస్తాయి. మార్చడానికి కాసేపు పడుతుంది. ఇప్పుడు ఒకే డిస్కును పంచుకునే రెండు సర్వర్లలో ఒకటి ఎడమ కంట్రోలర్ గుండా, ఇంకోటి కుడి కంట్రోలర్ గుండా అడుగుతున్నాయనుకోండి. డిస్కు అటూ ఇటూ మారుతూనే ఉంటుంది, పని మాత్రం కదలదు. తీగలన్నీ బాగున్నాయి, స్విచ్ బాగుంది, లాగుల్లో ఒక్క దారి కూడా పోయినట్టు లేదు, అయినా డేటాబేస్ పాకుతూ ఉంటుంది. స్టోరేజ్ వాళ్లు దీన్ని పింగ్‌పాంగ్ అంటారు. సర్వర్ వైపు నుంచి చూసినంతసేపు దీని కారణం దొరకదు. పెట్టెలోకి వెళ్లి యాజమాన్యం ఎన్నిసార్లు చేతులు మారిందో చూస్తేనే బయటపడుతుంది.

ఒక్కో కంపెనీ తన సొంత మల్టీపాత్ సాఫ్ట్‌వేర్ తెచ్చిన కాలం అది. ఈఎమ్‌సీకి పవర్‌పాత్, వెరిటాస్‌కు డీఎమ్‌పీ, ఐబీఎమ్‌కు ఎస్‌డీడీ, హెచ్‌పీ-యూఎక్స్‌కు పీవీలింక్స్. రెండు కంపెనీల పెట్టెలు ఒకే సర్వర్‌కు తగిలిస్తే రెండు సాఫ్ట్‌వేర్లూ ఒకదాన్నొకటి తోసుకునేవి. 2005లో వెలువడిన ఎస్‌పీసీ-3 ప్రమాణంలో ఆలువా అనే పద్ధతిని అందరికీ ఉమ్మడిగా రాశారు. దాని ప్రకారం ప్రతి దారి తన స్థితిని తానే చెబుతుంది: ఇది దగ్గరి దారి, ఇది చుట్టు దారి, ఇది ప్రస్తుతానికి నిలిపి ఉంచిన దారి. సర్వర్ ఆ మాట విని దగ్గరి దారుల్ని ఒక జట్టుగా, చుట్టు దారుల్ని ఇంకో జట్టుగా పెడుతుంది. మల్టీపాత్ జాబితాలో ఒక జట్టుకు 50, ఇంకో జట్టుకు 10 అని ప్రాధాన్యం కనిపించేది అందుకే. అన్ని దారులకూ ఒకే అంకె వచ్చి, స్టోరేజ్ మాత్రం రెండు కంట్రోలర్ల మధ్య తేడా ఉన్నదైతే, ఆలువా సంగతి ఎక్కడో వదిలేశారని వెంటనే అనుమానించవచ్చు.

లైనక్స్‌లో ఈ పని ఏ అంతస్తులో ఉండాలన్నదాని మీద చాలాకాలం వాదన నడిచింది. కింద కార్డు డ్రైవర్‌లోనే పెడదామని కొందరు. కానీ రెండు వేర్వేరు కంపెనీల కార్డులుంటే ఒక డ్రైవర్‌కు ఇంకోదాని సంగతి తెలియదు. పైన సాఫ్ట్‌వేర్ రెయిడ్ ఉన్న ఎమ్‌డీలో పెడదామని కొందరు, అలా పెట్టారు కూడా. అంత పైన ఉంటే స్కజీ చెప్పిన తప్పు ఏ రకమైందో అర్థం కాదు. డిస్కు పాడైందా, దారి పాడైందా అన్న తేడా తెలియకపోతే మంచి దారిని కూడా కొట్టేయాల్సి వస్తుంది. చివరికి డివైస్ మ్యాపర్ అనే మధ్య అంతస్తులో పెట్టారు. 2005లో అది కెర్నల్లోకి చేరింది. ఆ ఏడాదే ఒట్టావాలో జరిగిన లైనక్స్ సింపోజియంలో ఎడ్వర్డ్ గాగిన్, అలాస్డేర్ కెర్గన్, క్రిస్టఫ్ వరోకీ, డేవిడ్ ఒలీన్ కలిసి ఈ రూపకల్పన మీద పత్రం సమర్పించారు.

వాళ్లు చేసిన పని విభజన నాకు చాలా ఇష్టం. దారి పోయినప్పుడు అందులో ఉన్న పనిని క్షణంలో ఇంకో దారికి మళ్లించడం కెర్నల్ వంతు. పోయిన దారి తిరిగి బాగుపడిందా అని కొన్ని సెకన్లకోసారి తట్టి చూడడం మల్టీపాత్‌డీ అనే మామూలు ప్రోగ్రామ్ వంతు. అయితే ఇక్కడే ఒక ఉరి ఉంది. సర్వర్ రూట్ డిస్కే మల్టీపాత్ మీద ఉందనుకోండి. దారులన్నీ పోయాయి. వాటిని లేపాల్సిన మల్టీపాత్‌డీ తనకు కావాల్సిన ఇంకో చిన్న ప్రోగ్రామ్‌ను డిస్కు నుంచి చదవబోయింది. ఆ డిస్కే లేదు. వైద్యుడి మందుల పెట్టె రోగి ఇంట్లో పెట్టి తాళం వేసినట్టయింది. అందుకని మల్టీపాత్‌డీ తన జ్ఞాపకాన్నంతా డిస్కు మీదికి పోకుండా ర్యామ్‌లోనే తాళం వేసుకుంటుంది. తొలి రోజుల్లోనైతే తనకు కావాల్సిన బయటి ప్రోగ్రామ్‌ల నకళ్లను మొదట్లోనే ర్యామ్‌లో ఒక మూలకు చేర్చుకునేది. తర్వాత వాటి స్థానంలో మొదలవుతూనే లోడ్ అయ్యే లైబ్రరీలు వచ్చాయి. ఎవరో ఒక సర్వర్ అలా బిగుసుకుపోవడం కళ్లారా చూసి, కూర్చుని ఆలోచించి రాసిన కోడ్ అది.

ఇంకో దిద్దుబాటు వేగానికి సంబంధించింది. మొదటి రూపంలో మల్టీపాత్, చిన్న చిన్న రాతల్ని కలిపి పెద్దవి చేసే అంచెకు పైన ఉండేది. పక్కపక్కనే ఉన్న ముక్కల్ని వంతులవారీగా వేర్వేరు దారుల్లోకి చల్లేస్తే కింద కలపడానికి ఏమీ మిగలదు. అందుకే ఒక దారిన వెయ్యి పనులు పంపాకే ఇంకో దారికి మారాలని అప్పటి డిఫాల్ట్. 2009లో వచ్చిన 2.6.31 కెర్నల్లో ఎన్‌ఈసీకి చెందిన కియోషి ఉయెదా, జున్ఇచి నొమురా దీన్ని ఆ అంచెకు కిందికి దింపారు. అప్పుడు ఒక్కో పనికీ దారి మార్చినా నష్టం లేకపోయింది, వెయ్యి కాస్తా ఒకటైంది. ఏ దారిలో క్యూ తక్కువుంది, ఏ దారిన త్వరగా తెములుతుంది అని చూసి ఎంచుకునే పద్ధతులూ అదే కెర్నల్లో చేరాయి. పాత పుస్తకం చూసి ఇప్పటికీ వెయ్యి అని రాసుకునేవాళ్లున్నారు. ఆ లైను తీసేస్తే చాలు.

ఈలోపు దారులు ఈథర్నెట్ మీదికి దిగాయి. ఫైబర్ చానల్ కార్డులు, స్విచ్‌లు అందరూ కొనగలిగినవి కావు. స్కజీ ఆజ్ఞల్ని మామూలు టీసీపీ/ఐపీలో పెట్టి పంపితే ఏ నెట్‌వర్క్ కార్డయినా చాలు. ఐబీఎమ్, సిస్కో 2000లో ఈ ప్రతిపాదన ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ముందుకు తెచ్చాయి. 2004 ఏప్రిల్‌లో అది ఐస్కజీ పేరుతో ఆర్‌ఎఫ్‌సీ 3720గా వెలువడింది. ఐబీఎమ్ నుంచి జూలియన్ సత్రాన్‌తో పాటు మరో ఇద్దరు, సిస్కో నుంచి ఒకరు, హెచ్‌పీ నుంచి మల్లికార్జున్ చదలపాక, మొత్తం ఐదు పేర్లు దాని మీద ఉన్నాయి. ఒకే సెషన్‌లో చాలా టీసీపీ కనెక్షన్లు పెట్టుకునే వీలు ఆ ప్రమాణంలోనే రాశారు. లైనక్స్‌లోని ఓపెన్-ఐస్కజీ మాత్రం దాన్ని తీసుకోలేదు. ఒక సెషన్‌కు ఒక కనెక్షనే, రెండు దారులు కావాలంటే రెండు సెషన్లు పెట్టుకోండి, కట్టగట్టే పని పైనున్న మల్టీపాత్ చూసుకుంటుంది అన్నారు. ఒకే పనిని రెండు అంతస్తుల్లో చేయడం కన్నా ఒకే చోట బాగా చేయడం మేలన్న ఆ నిర్ణయం సరైందేనని తర్వాతి అనుభవం చెప్పింది.

చవకైన దారి అందరికీ అందింది, దాంతో పాటే జిమ్ గ్రే చెప్పిన ఆ 42 శాతం కూడా అందరి ఇళ్లకూ వచ్చింది. ఫైబర్ చానల్ రోజుల్లో రెండు స్విచ్‌లను ఒకదానితో ఒకటి కలపకుండా విడిగా ఉంచడం ఆచారం. ఈథర్నెట్‌లో ఆ కట్టడి లేదు. రెండు కార్డులకూ ఒకే సబ్‌నెట్‌లో చిరునామాలు ఇచ్చేస్తారు. జాబితాలో రెండు దారులూ ముచ్చటగా కనిపిస్తాయి. కానీ లైనక్స్ ఒక సబ్‌నెట్‌కు పోయే మూటలన్నిటినీ (ప్యాకెట్లను) రూటింగ్ పట్టికలో ముందున్న కార్డు మీదే పంపుతుంది. రెండో కార్డు చిరునామా కోసం వచ్చిన ఏఆర్‌పీ ప్రశ్నకు మొదటి కార్డు కూడా జవాబిస్తుంది. అంటే రెండు సెషన్లూ ఒకే తీగ మీద నడుస్తున్నాయి. రెండో కార్డు దీపం వెలుగుతుంది, బరువు మోయదు. కార్డులో పంపిన బైట్ల లెక్క చూస్తే ఒకటి కోట్లలో, ఇంకోటి వందల్లో ఉంటుంది. ఆ ఒక్క తీగ ఊడిన రోజున రెండు దారులూ కలిసే పోతాయి. సెషన్‌ను కార్డుకు కట్టేసినా, తిరుగు దారిలో తేడా వస్తే కెర్నల్లోని ఆర్‌పీ ఫిల్టర్ మూటల్ని పారేస్తుంది. ఒక్కో దారికి ఒక్కో సబ్‌నెట్, ఒక్కో స్విచ్ ఇవ్వడమే దీనికి మందు. రెండు కార్డుల్ని బాండింగ్ చేస్తే సరిపోదా అని అడుగుతుంటారు. ఒక టీసీపీ కనెక్షన్ అంతా ఒకే తీగ మీద పోవడం అక్కడ మామూలుగా వాడే పద్ధతి, కాబట్టి ఒక సెషన్‌కు రెండింతల వేగం రాదు.

ఇక రెండో ప్రశ్న, దారి చచ్చిందని ఎలా తెలుస్తుంది అన్నది. పూర్తిగా చచ్చిన దారితో పెద్ద బాధ లేదు. కేబుల్ పీకితే కార్డుకు వెంటనే తెలుస్తుంది. బాధంతా సగం చచ్చిన దారితోనే. అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే ఒక సందర్భాన్ని దగ్గర నుంచి చూద్దాం.

వేగం కోసం సర్వర్ కార్డులోనూ, స్టోరేజ్ పోర్టులోనూ మూట పరిమాణం 1500 నుంచి 9000కు పెంచారు. జంబో ఫ్రేములంటారు. మధ్యలో ఉన్న రెండు స్విచ్‌లలో ఒకదాని మీద మాత్రం ఆ మార్పు మరిచిపోయారు. పింగ్ వెళుతుంది. ఐస్కజీ లాగిన్ అవుతుంది, ఎందుకంటే లాగిన్ మూటలు చిన్నవి. మల్టీపాత్‌డీ "సిద్ధంగా ఉన్నావా?" అని స్కజీ ఆజ్ఞ పంపి తట్టి చూస్తుంది. ఆ ఆజ్ఞ ఐస్కజీలో 48 బైట్ల తలకట్టుతో సరిపోతుంది, జవాబూ అంతే. దారి బాగుందని పచ్చజెండా ఊపుతుంది. అప్పుడు డేటాబేస్ నిజమైన పని పంపుతుంది. పెద్ద మూట స్విచ్ దగ్గరికి వెళుతుంది, స్విచ్ మారుమాట లేకుండా పారేస్తుంది. టీసీపీ అదే మూటను మళ్లీ పంపుతుంది, స్విచ్ మళ్లీ పారేస్తుంది. అదే కనెక్షన్‌లో వెనక నిలబడ్డ ఐస్కజీ పలకరింపుకు కూడా జవాబు రాదు. ఓపెన్-ఐస్కజీ అయిదు సెకన్లు చూసి లాగ్‌లో 1022 అనే తప్పు రాసి కనెక్షన్ తెంచేస్తుంది. మళ్లీ లాగిన్ చేస్తుంది, అది చిన్న మూట కాబట్టి అవుతుంది. మల్టీపాత్‌డీలోని చెకర్ తట్టి చూసి దారి బాగుపడిందంటుంది. మళ్లీ పెద్ద మూట వస్తుంది. ఇలా రాత్రంతా ఆ దారి పడుతూ లేస్తూ ఉంటుంది. రెండో దారి శుభ్రంగా ఉన్నా, వంతు వచ్చినప్పుడల్లా పని ఈ గుంటలో పడి నిమిషాల తరబడి ఆగుతుంది.

దీన్ని పట్టుకోవడం ఒక్క నిమిషం పని, ఎక్కడ చూడాలో తెలిస్తే. ముక్కలు చేయొద్దన్న షరతు పెట్టి 8972 బైట్ల పింగ్ పంపాలి. పింగ్ తలకట్టు 8, ఐపీ తలకట్టు 20 కలిపితే సరిగ్గా 9000. ప్రతి దారి మీదా, ఆ దారి కార్డు పేరు చెప్పి మరీ పంపాలి. ఒక దారిన జవాబు వచ్చి ఇంకో దారిన రాకపోతే దొంగ దొరికినట్టే.

సగం చచ్చిన దారితో పాటు సర్వర్‌లోని పొరలన్నీ ఎవరి ఓపిక వాళ్లు పట్టడం ఇంకో ఇబ్బంది. "ఫెయిలోవర్ అయింది కానీ రెండు నిమిషాలు పట్టింది" అన్న ఫిర్యాదు చాలా పాతది. స్కజీ ఆజ్ఞకు లైనక్స్ ఇచ్చే గడువు 30 సెకన్లు. ఐస్కజీ సెషన్ తెగితే అది తిరిగి కలుస్తుందేమోనని ఓపెన్-ఐస్కజీ డిఫాల్ట్‌గా 120 సెకన్లు ఎదురుచూస్తుంది. ఒకే దారి ఉన్నవాళ్లకు ఆ ఓపిక ప్రాణదానం. రెండు దారులున్నవాళ్లకు అదే శాపం, పక్కన మంచి దారి ఖాళీగా ఉంటే ఇక్కడ రెండు నిమిషాలు పని బిగబట్టి ఉంటుంది. మల్టీపాత్ ఉన్నచోట దాన్ని అయిదు సెకన్లకో ఆ దరిదాపులకో దించమంటారు. కింది పొర తొందరగా చేతులెత్తేయాలి, పై పొర ఓపిక పట్టాలి. ఈ సూత్రం తెలిస్తే ఏ అంకె ఎక్కడ మార్చాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

పై పొర ఎంత ఓపిక పట్టాలన్నది నిజంగా కష్టమైన నిర్ణయం. దారులన్నీ పోతే పనిని క్యూలో పెట్టి ఎప్పటికీ ఎదురుచూడమని చెప్పొచ్చు. స్టోరేజ్ రీబూట్ అయి తిరిగొస్తే అప్లికేషన్‌కు ఏమీ తెలియకుండానే పని సాగిపోతుంది. తిరిగి రాకపోతే మాత్రం ఆ ప్రాసెస్‌లు డీ స్థితిలో బిగుసుకుంటాయి. కిల్ చేసినా చావవు, అన్‌మౌంట్ కాదు, సర్వర్ షట్‌డౌన్ కూడా కాదు. క్లస్టర్లలో పక్క సర్వర్ పని అందుకోవడానికి సిద్ధంగా ఉన్నా ఇది వదలదు. అందుకే పన్నెండు సార్లు ప్రయత్నించి మానేయమని హద్దు పెట్టుకోవడం క్లస్టర్లలో మేలు. ఒంటరి సర్వర్‌కు ఏది మంచిదో ఆ డేటా విలువ తెలిసినవాళ్లే చెప్పాలి.

2018 జనవరిలో వచ్చిన 4.15 కెర్నల్‌తో ఈ కథ మరో మలుపు తిరిగింది. ఎన్‌వీఎమ్‌ఈ అనే ఫ్లాష్ డిస్కులకు మల్టీపాత్‌ను క్రిస్టఫ్ హెల్విగ్ నేరుగా ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవర్‌లోనే రాశాడు. 2005లో వద్దనుకున్న కింది అంతస్తుకే పని తిరిగి వెళ్లింది. అప్పటి అభ్యంతరం ఇక్కడ చెల్లదు. కార్డు ఏదైనా, తీగ ఏదైనా, ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవర్ గుండెకాయ ఒకటే. డిస్కు గుర్తింపు, దగ్గరి దారో చుట్టు దారో చెప్పే పద్ధతి ప్రమాణంలోనే కలిసిపోయాయి. ఎమ్‌డీలో పెట్టిన పాత మల్టీపాత్‌ను 2024లో 6.8 కెర్నల్ నుంచి తీసేశారు. దారులు వేగంలో సమానం కానప్పుడు వంతులవారీ పద్ధతి వెనకబడుతోందని గమనించి, అదే ఏడాది 6.11లో క్యూ పొడవు చూసి దారి ఎంచుకునే పద్ధతిని ఎన్‌వీఎమ్‌ఈకీ చేర్చారు.

మొదటి ప్రశ్న ఇలా దాదాపు తీరిపోయింది. రెండోది నడుస్తూనే ఉంది. పడుతూ లేస్తూ ఉండే దారిని చెకర్ మాట నమ్మి వెంటనే చేర్చుకోకుండా, కొంతకాలం పక్కన పెట్టి పరీక్షించే ఏర్పాటు 2017 ప్రాంతంలో మల్టీపాత్ టూల్స్‌లో చేరింది. ఎన్ని సెకన్లలో ఎన్నిసార్లు తప్పితే అనుమానించాలో, ఎంతసేపు దూరం పెట్టాలో అడ్మిన్ రాసుకోవాలి. డిఫాల్ట్‌గా అది ఆపేసి ఉంటుంది, కాబట్టి రాయనివాళ్లకు ఉపయోగం లేదు. ఫైబర్ చానల్‌లోనైతే ఇప్పుడు స్విచ్చే ముందుకొచ్చి, ఫలానా తీగ మీద తప్పులు పెరుగుతున్నాయని సర్వర్‌కు కబురు పెడుతుంది, సర్వర్ ఆ దారిని పక్కకు తప్పిస్తుంది. ఈథర్నెట్ మీది ఐస్కజీకి అలా చెప్పే స్విచ్ లేదు. అక్కడ ఇప్పటికీ ఒక మనిషి కూర్చుని ఒక్కో కార్డు బైట్ల లెక్క చూసుకోవాలి, ఒక్కో దారి మీదా 8972 బైట్ల పింగ్ పంపాలి, మెయింటెనెన్స్ విండోలో ఒక్కో కేబుల్ నిజంగా పీకి రెండోది బరువు మోస్తోందో లేదో గడియారం పెట్టుకుని చూడాలి.